సున్నా వచ్చిన దరఖాస్తు

2023 జూన్ మొదటి వారంలో నన్ను ఒక ఎంపిక సంఘానికి అధ్యక్షుడిగా నియమిస్తూ ఆఫీసు ఉత్తర్వు వచ్చింది. అప్పటికి నేను సాఫ్ట్‌వేర్ విభాగంలో డిప్యూటీ జనరల్ మేనేజర్‌ని. పదవీ విరమణకు ఇంకా దాదాపు ఏడు నెలలు ఉంది. తడ దగ్గర ఇండస్ట్రియల్ పార్కులో ఉన్న మా కంపెనీ చేపల పడవల్లో బిగించే ఒక చిన్న పెట్టెను తయారు చేస్తుంది. పడవ ఎక్కడుందో ఒడ్డుకు తెలియజేయడం, తుఫాను హెచ్చరిక వస్తే పడవలో ఉన్నవాళ్లకు చూపించడం దాని పని. భర్తీ చేయవలసింది ఒకే పోస్టు: సీనియర్ ఇంజనీర్, ఓపెన్ సోర్స్. ఒక్క కుర్చీ నింపడానికి ముగ్గురు సభ్యుల సంఘం ఏమిటని ఆ రోజు నాకు నవ్వొచ్చింది.

ఈ వృత్తితో పరిచయం లేనివారికి ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. ఓపెన్ సోర్స్ అంటే లోపలి రాత మొత్తం బయటపెట్టిన సాఫ్ట్‌వేర్. ఎవరైనా చదవచ్చు, ఉచితంగా వాడుకోవచ్చు, తప్పు కనిపిస్తే సరిచేసి పంపవచ్చు. అలా పంపే సవరణను ప్యాచ్ అంటారు. వచ్చిన ప్రతి ప్యాచ్‌నూ ప్రాజెక్టును చూసుకునేవారు చదివి, బాగుంటే కలుపుకుంటారు, లేకపోతే తిప్పి పంపుతారు. ఆ చదవడమే రివ్యూ. మా పెట్టెలో రేడియో సందేశాన్ని పట్టుకుని అర్థమయ్యే మాటలుగా మార్చే భాగం ఇలాంటి ఒక ప్రాజెక్టు నుంచి తెచ్చుకున్నదే. మా గదిలో దాన్ని ‘చెవి’ అనేవాళ్లం. ఎనిమిదేళ్లుగా మా పెట్టె ఆ చెవితోనే వింటున్నా, దాన్ని ఎవరు చూసుకుంటున్నారో మాలో ఒక్కరూ ఆరా తీసిన పాపాన పోలేదు.

చూసుకుంటున్నది ఒక పెద్ద కంపెనీ అని ఆ ఏడాదే తెలిసింది, అదీ ఆ కంపెనీ చూసుకోవడం మానేశాక. ఏడాది మొదట్లో అది వేలమందిని ఒక్క పూటలో ఇంటికి పంపింది. ఆ వార్త చదివి, అందరిలాగే అయ్యో అనుకుని, టీ తాగి పనిలో పడ్డాం. రెండు నెలలు పోయాక మా టీమ్ లీడర్ మస్తాన్ వచ్చి, చెవి ప్రాజెక్టుకు మనం పంపే ప్రశ్నలకు వెంటనే జవాబులు రావడం లేదన్నాడు. కదిలిస్తే తేలిందేమిటంటే, ఆ కంపెనీలో జీతం తీసుకుంటూ చెవిని చూసుకునే జట్టు మొత్తం పోయిందట. మన మనిషి ఒకరు దాని మీద ఉండి తీరాలని డైరెక్టర్ గారి దగ్గరికి మూడుసార్లు తిరిగాను. ఉచితంగా దొరికేదానికి జీతం ఎందుకండీ పెంచలయ్య గారూ అని రెండుసార్లు తిప్పి పంపారు. మూడోసారి విసిగిపోయి సంతకం పెట్టారు.

నా అయోమయం ప్రకటన వేసిన రోజు నుంచి మొదలైంది. రెండేళ్ల కిందట ఇలాంటి పోస్టుకే ఏడు దరఖాస్తులు వచ్చాయి. ఎంపికైన ఆయన చేరే రోజు పొద్దున ఫోన్ చేసి, వేరే చోట చేరుతున్నానని చల్లగా చెప్పాడు. ఈసారి తొమ్మిది రోజుల్లో నాలుగు వందల పన్నెండు వచ్చాయి. బెంగళూరు నుంచి, హైదరాబాదు నుంచి, మా డైరెక్టర్ గారి కంటే పై హోదాల్లో పనిచేసినవాళ్ల నుంచి. తడ ఎక్కడుందో తెలియక, అది చెన్నైలో ఏ ఏరియా అని అడిగినవాళ్లూ ఉన్నారు. మనుషులు దొరకడం లేదని మొత్తుకున్న నేనే ఇంతమందిని ఏం చేసుకోవాలో తెలియక బుర్ర గోక్కున్నాను. పెద్ద కంపెనీలు ఖర్చు తగ్గించుకునేటప్పుడు ఓపెన్ సోర్స్ వాళ్ల మీదే ముందు చెయ్యి పడుతుందనీ, వాళ్లను తీసేసినా వాళ్ల పని ఉచితంగా వాడుకోవచ్చు కదా అని లెక్క అనీ తర్వాత ఎవరో వివరించారు. అంటే వీధిన పడ్డవాళ్లు పెరిగారు, వాళ్లు చేరదగ్గ కుర్చీలు అదే దెబ్బకు తగ్గాయి. మిగిలినవి మాలాంటి చిన్న కంపెనీల్లోని ఒకటీ అరా.

సంఘంలో నాతో పాటు మస్తాన్, మానవ వనరుల అధికారి సెల్వరాజ్ గారు సభ్యులు. సెల్వరాజ్ గారు గుమ్మిడిపూండి నుంచి వచ్చే తమిళులు, తెలుగు మాకంటే శుభ్రంగా మాట్లాడతారు, నిబంధన దగ్గర మాత్రం అంగుళం జరగరు. నాలుగు వందల పన్నెండు మందిని పిలవలేం కాబట్టి వడపోత పద్ధతి నేను తయారు చేశాను. గర్వంగానే చేశాను. కాలేజీ పేరు వద్దు, సిఫార్సు వద్దు, ఊరూ పేరూ వద్దు. ఓపెన్ సోర్స్‌లో పనంతా బహిరంగంగానే ఉంటుంది కాబట్టి, దరఖాస్తులో ఇచ్చిన ఈమెయిల్ అడ్రస్సు మీద మొదటి నుంచి ఇప్పటిదాకా ఎన్ని ప్యాచ్‌లు ఆమోదం పొందాయో లెక్కపెట్టే చిన్న ప్రోగ్రామ్ రాయించాను. ఎన్ని ఆమోదాలో అన్ని మార్కులు. మొదటి ఇరవై మందికి ఇంటర్వ్యూ, మిగతావాళ్లకు విచార లేఖ. నా ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో ఇంత నిష్పక్షపాతమైన పద్ధతి చూడలేదని నేనే అన్నాను. సోమవారం మధ్యాహ్నానికి మూడు వందల తొంభై రెండు లేఖలు వెళ్లిపోయాయి. మీ అనుభవం మా అవసరానికి సరిపోదు అని అందరికీ ఒకే వాక్యం.

ఇంటర్వ్యూలు బుధవారం. అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చినవాడు గూడూరు కుర్రవాడు, పేరు వంశీ, ఇరవై ఆరేళ్లు. బెంగళూరులో ఉద్యోగంలో చేరిన పద్నాలుగో నెలలో తీసేశారు. అప్పటి నుంచి చెవి ప్రాజెక్టులోనే రెండు వందల మూడు ప్యాచ్‌లు. ఎంత గట్టివాడో అనుకుంటూ ఒకటి తెరిచాం. వివరణ పుస్తకంలో ఒక వాక్యం చివర ఫుల్‌స్టాప్ పెట్టాడు. రెండోదాంట్లో రెండు మాటల మధ్య ఖాళీ తీసేశాడు. మూడోది కూడా అదే బాపతు. నాకు ఒళ్లు మండింది. ఏమయ్యా, నీకు సాఫ్ట్‌వేర్ వచ్చా, ప్రూఫులు దిద్దడం వచ్చా అని అడిగేశాను.

వంశీ తడబడలేదు. “అందరూ ఇదే చేస్తుండారు సార్. ప్రొఫైలు నిండుగా లేకపోతే ఎవురూ పిలవరని చెప్పినారు. ఏం చేసేది సార్, నేనూ చేసినాను. మొదట్లో అన్నీ ఫుల్‌స్టాపులే. కడాకడ చూడండి సార్, కొంచెం పనికొచ్చేవి ఉండాయి,” అన్నాడు.

చివరి వాటిని చూశాం. నిజమే, ఆఖరు నెలలో రాసినవి పనికొచ్చేవే. ఒకటి మా పెట్టెలో మేమే పడ్డ ఇబ్బందికి మందు. ఇంత తేడా ఎలా వచ్చిందా అని మస్తాన్ తిరగేస్తుంటే ప్రతి ప్యాచ్ అడుగునా ఒకే పేరు కనిపించింది. రివ్యూ చేసిన వారు: కె. చెంగమ్మ. అంతకు ముందు వచ్చిన ముగ్గురి ప్యాచ్‌ల అడుగునా అదే పేరు. చెంగమ్మ అన్న పేరు చూడగానే ఇది మా సూళ్లూరుపేట వైపు మనిషి అని తెలిసిపోయింది, అక్కడ వీధికి ఇద్దరు చెంగమ్మలు ఉంటారు. ఎవరావిడ అని అడిగాను.

“చెంగమ్మక్క సార్. నేనెప్పుడూ చూడలేదు, అంతా రాతలోనే. ఏది పంపినా ఓపిగ్గా చదివి, ఇది ఎందుకు తప్పో రాసి తిప్పి పంపేది. ఒకదాన్ని మూడుసార్లు తిప్పింది. నాకు ఈ పని వచ్చిందంటే ఆ అక్క వల్లే సార్,” అన్నాడు వంశీ.

ఇంటర్వ్యూలు అయ్యాక నాకొక ఆలోచన వచ్చింది. వీళ్లలో చాలామందిని అయిదు నెలలుగా చదువుతున్న మనిషి ఉన్నప్పుడు, పావుగంట చూసిన మేం తేల్చడమెందుకు? ఆవిడనే అభిప్రాయం అడుగుదాం అన్నాను. రిఫరెన్సు తీసుకోవడానికి నిబంధన ఒప్పుకుంటుందని సెల్వరాజ్ గారూ అన్నారు. కొత్త ప్యాచ్‌ల అడుగున పేరే తప్ప అడ్రస్సు లేదు. పాత ప్యాచ్‌ల కింద ఉన్న అడ్రస్సుకు రాస్తే, అలాంటి అడ్రస్సు లేదని ఉత్తరం తిరిగొచ్చింది. అది ఆ పెద్ద కంపెనీ అడ్రస్సు. చివరికి వంశీ తెలిసినవాళ్లను అడిగి ఫోన్ నంబరు సంపాదించి ఇచ్చాడు. నా గదిలో స్పీకర్ పెట్టి నేనే చేశాను.

కంపెనీ పేరు, నా హోదా చెప్పి, ఫలానా ఫలానా అభ్యర్థుల గురించి మీ అభిప్రాయం కావాలమ్మా అన్నాను.

“సార్, మీ కంపెనీ అంటే తడలో ఉండేదే గదా?” అని అడిగింది. అవునన్నాను. “నాకు సోమవారమే మీ లెటరు వచ్చినాది సార్. అనుభవం చాలదన్నారు. ఇప్పుడు నన్నడిగి వాళ్లకిస్తారా?”

కోపంగా అనలేదు. నిజంగానే అర్థం కాక అడిగింది. మీరు మాకు దరఖాస్తు పెట్టలేదే అని నేను గట్టిగానే అన్నాను, అలాంటి పేరు నా ఇరవై మందిలో లేదన్న ధీమాతో. ఈలోగా మస్తాన్ పట్టిక తెరిచి నా వైపు తిప్పాడు. వరుస సంఖ్య రెండు వందల ఎనభై ఏడు. కె. చెంగమ్మ, సూళ్లూరుపేట. మార్కులు సున్నా.

నేను ఉండేదీ సూళ్లూరుపేటలోనే. మర్నాడు పొద్దున బండెక్కే ముందు స్టేషన్‌లో కలుస్తారా అని అడిగితే వస్తానంది. తీరా చూస్తే ఆ ముఖం నాకు తెలిసినదే. పాత ఉద్యోగం ఉన్నన్నాళ్లు వారానికి రెండు రోజులు ఆమె చెన్నై ఆఫీసుకు ఎక్కే లోకల్లోనే నేను రోజూ తడకు వెళ్లేవాణ్ణి. ముప్పై రెండు, ముప్పై మూడేళ్లుంటాయి. ఎక్కడా కంగారు లేకుండా, బెంచీ మీద సంచి పెట్టుకుని కూర్చుంది. సున్నా ఎలా వచ్చిందో చెప్పమన్నాను, ఏదో పరీక్ష రాసిన పిల్లను అడిగినట్టు. ఆ తీరు గుర్తొస్తే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

ఎనిమిదేళ్ల పని ఆమె కంపెనీ అడ్రస్సు మీదే చేసింది, అది ఆ కంపెనీ నిబంధన. “పొద్దున ఎనిమిదికి లాప్‌టాప్ తెరిస్తే పాస్‌వర్డు తీసుకోలా సార్. నేనే తప్పు కొట్టినానేమో అనుకుని ఆరుసార్లు కొట్టినాను. మేనేజరుకు ఫోన్ చేస్తే ఆయనది గూడా తీసుకోలేదంట. ఆ అడ్రస్సు నాదేనని చూపించేదానికి ఆ అడ్రస్సుకే ఒక మెయిలు పంపిస్తారు సార్. అది నేనెట్ట తెరిచేది?”

అది అర్థమైంది. మరి ఈ అయిదు నెలల్లో సొంత అడ్రస్సు మీద ఒక్కటి కూడా రాయలేదా అని అడిగాను.

“రాసినాను సార్. పంతొమ్మిది ఉండాయి,” అంది. “మన ప్యాచ్ మనమే పాస్ చేసుకోకూడదు గదా. ఇంకొకరు చూడాల. ఆ అధికారం మనిషికే గానీ కంపెనీ అడ్రస్సుకు కాదు, మాలో నలుగురికి ఉండింది. ముగ్గురూ నాతో పాటే పోయినారు. వాళ్లకు వేరేచోట ఉద్యోగాలొచ్చినాయి, అక్కడ బయటి ప్రాజెక్టులు ముట్టుకోనియ్యరంట. వస్తారు వస్తారని చూసినాను. ఇంక నాది చూసేవాళ్లు ఎవురున్నారు సార్?”

తన రాతను తానే ఆమోదించుకోకూడదన్నది మా వృత్తిలో చాలా పాత ఆచారం. ఎంత గొప్పవారి రాతనైనా ఇంకొకరు చూడాలి. ప్రాజెక్టులో తానొక్కతే మిగిలినా, కాదనే మనిషి ఎవరూ లేకపోయినా, ఆమె దాన్ని మీరలేదు. ఆ పంతొమ్మిదిలో ఒకటి ఒక్క వాక్యం ప్యాచ్. పాత అడ్రస్సు, కొత్త అడ్రస్సు ఒకే మనిషివి అని ప్రాజెక్టు చిరునామాల జాబితాలో చేర్చే వాక్యం. అది ఆమోదమై ఉంటే నా ప్రోగ్రామ్ ఆమె ఎనిమిదేళ్లనూ లెక్కేసేది. ఫిబ్రవరిలో రాసి పెట్టి, చూసేవాళ్ల కోసం అలా ఉంచింది. ఆ ఒక్కదానికైనా మినహాయింపు తీసుకోవలసింది కదమ్మా అన్నాను. ఒకదానికి తీసుకుంటే తక్కినవాళ్లను తిప్పి పంపేదానికి మొహం ఉండదు సార్ అంది.

వచ్చేవాళ్ల ఫుల్‌స్టాపులన్నీ కూర్చుని ఎందుకు చదివారని కూడా అడిగాను. “అందరూ ఉద్యోగం పోయినోళ్లే గదా సార్. నేను చూడకపోతే వాళ్లను ఎవురూ పిలవరు. ఎవురైనా ఫుల్‌స్టాపుతోనే మొదలుపెడతారు,” అంది. ఆమె చదివి ఆమోదించినవాళ్లకు మార్కులు పడ్డాయి, ఆమెకు సున్నా పడింది. ఈ లెక్కలో తప్పు ఎక్కడుందో వెతికితే ప్రోగ్రామ్‌లో దొరకలేదు. అది నేను చెప్పినట్టే చేసింది.

బండి వచ్చే వేళకు అసలు సంగతి చెప్పింది. చెన్నైలో ఒక కంపెనీ టెస్టింగ్ ఉద్యోగం ఇస్తానంది. సోమవారం చేరాలి, శుక్రవారం సాయంత్రం అయిదు లోపు అంగీకారం పంపాలి. అక్కడ చేరితే బయటి ప్రాజెక్టుల మీద చెయ్యి పెట్టకూడదు. చేరకపోతే ఇల్లు గడవదు, ఇంట్లో జీతం తెచ్చేది ఆమె ఒక్కతే. “మీ దగ్గర వస్తుందంటే ఆగుతాను సార్. వస్తుందా?” అని సూటిగా అడిగింది. సంఘం అధ్యక్షుడు ఏ అభ్యర్థికీ మాట ఇవ్వకూడదు. చెప్పలేనమ్మా, ప్రయత్నిస్తాను అన్నాను. ఆమె తల ఊపింది.

ఆఫీసుకు వెళ్లగానే ఆమె దరఖాస్తు మళ్లీ తీయమన్నాను. సెల్వరాజ్ గారు నిబంధనల పుస్తకం తెచ్చి నా ముందు పెట్టారు. విచార లేఖ వెళ్లిన అభ్యర్థిని అదే ప్రకటన కింద తిరిగి పరిశీలించరాదు. కింద సంతకం నాది. పదేళ్ల కిందట, తిరస్కరించినవాళ్లు సిఫార్సులు పట్టుకుని వెనక నుంచి వస్తున్నారని పట్టుబట్టి నేనే పెట్టించిన నిబంధన. “రూల్ మీరే రాసింది సార్, నేను కాదు,” అన్నారాయన, నొచ్చుకుంటూనే.

మస్తాన్ అంతకంటే పెద్ద చిక్కు తెచ్చాడు. అడ్రస్సులతో కాకుండా పేర్లతో వెతికితే, చెంగమ్మ లాగే పాత కంపెనీ అడ్రస్సుల కింద పని ఉండిపోయి మార్కులు రాలనివాళ్లు ఇంకా ఇరవై ఆరుగురు తేలారు. ఆమె ఒక్కదాన్నే పిలిస్తే నేను మూయించిన వెనక తలుపు నేనే తెరిచినట్టు. అందరినీ పిలవాలంటే జాబితా రద్దు చేసి, కొత్త ప్రకటనతో మొదటి నుంచి మొదలుపెట్టాలి, మూడు వారాలు పడుతుంది. డైరెక్టర్ గారికి చెప్తే ఆయన నా కంటే ఎక్కువ తికమకపడ్డారు. ఆ అమ్మాయి ఎలాగూ ఊరికే చేస్తోంది కదా, ఉద్యోగం ఇస్తే కొత్తగా ఏం చేస్తుంది అన్నారు. సోమవారం నుంచి చేయదండీ అన్నాను. అయితే నాలుగు వందల మంది వరసలో నిలబడ్డారన్నారుగా, అందులో ఒక్కరూ పనికిరారా అన్నారు. ఆ ప్రశ్న నాకు నేను వేసుకుంటున్నదే. మీ ఇష్టం, రద్దు చేయాలంటే చేయండి, ఒక్కరి కోసం మాత్రం చేయకండి అని ముగించారు.

శుక్రవారం మధ్యాహ్నం వరకూ అటూ ఇటూ ఊగాను. ఒకసారి ఆమెకు ఉత్తర్వు ఇచ్చేద్దాం, వచ్చేది నా మీదికే కదా అనుకున్నాను. మరుక్షణం ఆ ఇరవై ఆరుగురూ గుర్తొచ్చేవారు, వాళ్ల ముఖాలైనా నేను చూడలేదు. నాలుగు గంటలకు జాబితా రద్దు చేస్తూ నోట్ రాసి, ఆమెకు ఫోన్ చేశాను. మొత్తం విని, “తక్కిన ఇరవై ఆరుమందినీ పిలుస్తారా సార్?” అని అడిగింది. పిలుస్తాం అన్నాను. “మంచిది సార్, పిలవండి. నేను చెన్నైకే పోతాను,” అంది. ఫోన్ పెట్టేశాను. బాధ ఉంది, నిజమే. బాధ కంటే, చేసింది ఒప్పో తప్పో తెలియని చికాకు ఎక్కువగా ఉంది.

ఆదివారం ఆమె చేసిన చివరి పని ప్రాజెక్టులో ఆమోదించే అధికారాన్ని ఇద్దరికి ఇవ్వడం. మా మస్తాన్‌కు ఒకటి, వంశీకి ఒకటి. ఒకరిది ఒకరు చూసేదానికి ఇద్దరు కావాలని, ఆ ఏర్పాటు ముందే చేయాల్సింది, తోటివాళ్లు వస్తారని ఆగి తప్పు చేశానని మస్తాన్‌కు రాసిందట.

రెండో విడతలో లెక్కలు పక్కన పెట్టాం. ప్రతి అభ్యర్థికీ కావాలని తప్పులు పెట్టిన ఒక ప్యాచ్ ఇచ్చి, దానికి జవాబు రాయమన్నాం. చాలామంది తప్పులు పట్టారు, కొందరు రాసినవాణ్ణి చెడామడా తిట్టారు. ఒక్కరు మాత్రం మూడు చిన్న ప్రశ్నలు వేసి, ఎక్కడ చూసుకోవాలో చెప్పి, సరిచేసి మళ్లీ పంపమని రాశారు. పేర్లు దాచిన కాగితాలు తెరిస్తే అది వంశీ. ముగ్గురం ఏకగ్రీవంగా సంతకం పెట్టాం. డైరెక్టర్ గారు ఫైలు చూసి, మొదటిసారి మొదట వచ్చింది ఇతనే, ఇప్పుడూ ఇతనే, మరి ఈ మూడు వారాలూ ఎందుకండీ అన్నారు. మొదటిసారి ఎందుకొచ్చాడో అప్పుడు మాకు తెలియదు, ఇప్పుడు తెలుసు అన్నాను. ఆయన ఒప్పుకున్నట్టు కనిపించలేదు. నాకూ ఆ జవాబు పూర్తిగా తృప్తినివ్వలేదు.

వంశీ చేరిన రోజే సెల్వరాజ్ గారు నా గదికి వచ్చారు. కంపెనీ అడ్రస్సు వద్దంటున్నాడు, ప్రాజెక్టు పని సొంత అడ్రస్సు మీదే చేస్తానంటున్నాడు, నిబంధన ఒప్పుకోదు అన్నారు. నిబంధన మారుస్తూ నోట్ రాసి ఇచ్చాను. ఆయన ఒకటికి రెండుసార్లు చదివి తీసుకెళ్లారు. పనిలో వంశీ మొదట చేసింది, చెంగమ్మ రాసి వదిలిన ఆ పంతొమ్మిది ప్యాచ్‌లను చదవడం. రెండింట్లో తప్పులు పట్టాడు, తిప్పి పంపుదామంటే ఆమె జవాబు చెప్పకూడదు కాబట్టి తానే సరిచేసి మస్తాన్‌కు చూపించాడు. ఒక్క వాక్యం ప్యాచ్ ఉన్నది ఉన్నట్టు ఆమోదం పొందింది. ఆ సాయంత్రం నా పాత ప్రోగ్రామ్‌ను, అక్షరం మార్చకుండా, పాత దరఖాస్తుల మీద మళ్లీ నడపమన్నాను. రెండు వందల ఎనభై ఏడో నంబరు అందరికంటే పైన వచ్చింది. మార్కులు నాలుగు వేల చిల్లర.

ఆ తర్వాత ఒకసారి లోకల్లో ఆమె ఎదురుపడింది. ఉద్యోగం బాగుందా అని అడిగితే ఫర్వాలేదు సార్ అంది. చెవిని ఇప్పుడు చూడడం లేదా అన్నాను. “చూస్తాను సార్. తప్పు కనిపించినా చెప్పకూడదు, అంతే,” అంది. తడ రావడంతో నేను దిగిపోయాను.

డిసెంబరు ఆఖరున పదవీ విరమణ చేశాను. అయిదు గంటలకు నా ఈమెయిల్ అడ్రస్సు మూసేశారు, అది మామూలు పద్ధతి. నాలుగు వందల మంది వరసలో ఉండగా పనికి మనిషి లేకపోవడం ఎలా సాధ్యమో, ఆ శుక్రవారం నేను చేసింది సరైనదో కాదో, ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆ ఉదంతం నేర్పిన సంగతి మాత్రం ఒకటుంది. అందరి పనినీ చదివే మనిషి ఒక్కరే మిగిలినప్పుడు, ఆ మనిషి పనిని చదివేవారు ఉండరు, కాబట్టి ఏ లెక్కలోనూ ఆ పని కనిపించదు. అందుకని సున్నా వచ్చిన దరఖాస్తును పక్కన పెట్టే ముందు ఎవరో ఒకరు దాన్ని తెరిచి చదవాలి. అది నా పని. నేను చదవలేదు.